అద్దాల బీరువాలో నా రాత పుస్తకం

సరితా బిడ్డా,

నిన్ను కన్న అవ్వను రాస్తున్నాను. నువ్వు పోయి మొన్న బతుకమ్మకు రెండేళ్లు నిండాయి. ఎట్లున్నావు... జ్వరం తగ్గిందా?

బాపు మంచిగనే ఉన్నాడు. బట్ట నేసే సాంచెలు వారానికి నాలుగు రోజులే నడుస్తున్నాయి. నేను బీడీలు చుడుతూనే ఉన్నాను.

నిన్న సిరిసిల్లలో బస్సెక్కి కరీంనగర్‌లో మీ కాలేజీకి పోయాను. లైబ్రరీ పక్కన కొత్తగా ఒక గది కట్టారు. పాత విద్యార్థుల కాగితాలు, ఫొటోలు, బహుమతులు దాచే గది. అందులో నీకొక అద్దాల బీరువా. దానికి తాళం, పైన ఫ్యాన్. బీడీలు చుట్టే ఆడవాళ్ల దగ్గర కూర్చుని నువ్వు రాసుకున్న పాటల పుస్తకాలు తొమ్మిదీ వరసగా పెట్టారు. దుమ్ము పట్టకుండా రోజూ తుడుస్తారట.

నువ్వు హాస్టల్లో నాలుగు రోజులు జ్వరంతో పడి ఉంటే ఒక్కరూ తొంగి చూడలేదు. ఇప్పుడు రోజూ తుడుస్తారట! ఇంటికి పోతానని నువ్వు హాస్టల్‌వాళ్లకు రాసిచ్చిన సెలవు చీటీ కోసం బీరువా అంతా వెతికాను బిడ్డా... అది మాత్రం దాచలేదు.

పాటల పుస్తకాల పక్కన ఇంకో పుస్తకం ఉంది. కింద "సరిత చిన్ననాటి చేతిరాత" అని అంటించారు. దగ్గరికి పోయి చూశాను. అది నాది! పై గీత మీద నువ్వు రాసి పెడితే కింద నేను దిద్దిన పుస్తకం. పేజీ అంచుకు నా వేళ్ల తంబాకు మరకలు కూడా అట్లనే ఉన్నాయి. ఎంత నవ్వేదానివి! "గీ 'ళ' జూడవ్వా, బీడీ లెక్క చుట్టినవ్! జర దారం గూడ కట్టరాదు!"

అక్కడి మేడంకు చెప్పాను, ఈ రాత నా బిడ్డది కాదు, నాది అని. ఆమె నవ్వింది. చూసినవాళ్లంతా ముచ్చటపడుతున్నారు, ఉండనియ్యమంది. తిరిగి ఇమ్మంటే ఒక కాగితం తీసి చూపించింది. నీ పెట్టెలోని సామానంతా కాలేజీకే ఇచ్చేస్తున్నట్టు రాసి ఉంది. కింద నా సంతకం.

నిజమే... నీ దినాలప్పుడు నీ మేనత్త పట్టుబట్టింది, పోయినవాళ్ల సామాను ఇంట్లో ఉండొద్దు, మానేరు వాగులో కలపాలని. నీళ్లపాలు చేయలేక మంచం కింద దాచాను. అప్పుడే కాలేజీవాళ్లు వచ్చి, భద్రంగా ఉంచుతామన్నారు. పెట్టె తెరిచి చూసే ధైర్యం నాకెక్కడిది? కాగితం కూడా చదవలేదు. వేలిముద్ర చాలన్నారు. నేనే సంతకం పెడతానన్నాను. నువ్వు నేర్పిన సంతకం... ఎంత గొప్పగా పెట్టానో!

పాటల పుస్తకాలు వాళ్ల దగ్గరే ఉండనీ, పదిమంది చదువుతారు. నాకు అదొక్కటి కావాలి. చివరి పదకొండు పేజీల్లో పై గీత మీద రాసి, పుస్తకం ఇంట్లో నీ పెట్టెలో పెట్టి హాస్టల్‌కు పోయావు. "నేనొచ్చెటాలకు నింపాలె అవ్వా, లేకుంటే గోడకుర్చీ ఏపిస్త!" అన్నావు. బీడీల పని తెమలక నేను ముట్టనే లేదు. ఆ పేజీల్లో ఏముందో కూడా చూడలేదు. ఇప్పుడు చూద్దామంటే, మొదటి పేజీ తెరిచి అద్దం వెనక పెట్టారు. తిప్పడానికి చేయి పోదు.

ఏం రాశావు బిడ్డా?

సోమవారం మళ్లీ పోతాను. ప్రిన్సిపాల్ సారుకు దరఖాస్తు నా చేత్తోనే రాశాను. బీరువాలోని రాత పక్కన పెట్టి చూడమంటాను. అది ఎవరిదో వాళ్లే చెప్పాలి. కుదరదంటే అక్కడే కూర్చుంటాను. పుస్తకం ఇంటికి ఇయ్యకున్నా సరే, తాళం తీసి ఆ పేజీలు తిప్పనిస్తే చాలు. వాళ్ల కళ్ల ముందే ఒక్కొక్కటి దిద్ది వస్తాను.

ఆలస్యమైంది. నింపుతాను.

నీ అవ్వ,
రాజవ్వ