ఎడమచేతి సెట్టింగులు

సరూర్‌నగర్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అఖిలకు,

అమ్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మా కాలం పద్ధతి కాబట్టి అట్లాగే మొదలుపెడుతున్నాను. మీ అమ్మ క్షేమం, మీ నాన్న క్షేమం, బాల్కనీలో నువ్వు వదిలిపోయిన మనీప్లాంట్ నీకన్నా క్షేమం. నా సంగతి కింద వస్తుంది. తొందరపడి ఆఖరి పేజీ తిప్పకు. లెక్క చేయకముందే పుస్తకం వెనక జవాబు చూసే అలవాటు నీకు ఎనిమిదో తరగతి నుంచి ఉంది, నాకు తెలుసు.

కవరు విప్పగానే నీకు అనుమానం వచ్చే ఉంటుంది, ఈసారి ఉత్తరం టైపు చేసి ఉందేమిటని. ఫోను కూరగాయల ముచ్చట్లకు, ఉత్తరం అసలు మాటలకు అని నువ్వు హాస్టల్లో చేరిన ఏడాది మనిద్దరం ఒప్పుకున్నాం. తొమ్మిదేళ్ళలో చేతిరాత కాని ఉత్తరం నేను ఒక్కటీ పంపలేదు. పుణె నుంచి నువ్వొకసారి ప్రింటు తీసిన కాగితం పంపితే, కరెంటు బిల్లనుకున్నానని వాపసు చేసిన మనిషిని. ఆ మనిషే రేపు పొద్దున కొత్తపేట జిరాక్స్ దుకాణానికి పోయి, చదవకుండా ప్రింటు తీయమని అక్కడ పనిచేసే పిల్లను బెదిరించబోతోంది. నవ్వుకో. ప్రస్తుతానికి పెన్నులో ఇంకు ఎండిపోయిందనుకో.

నీ పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. తేలికవి ముందు చేస్తాను. పరీక్ష హాల్లో పిల్లలకు నేను చెప్పేదీ అదే.

మీ అమ్మ చెరువు దగ్గర వాకింగ్ చేస్తోందా అని అడిగావు. చేస్తోంది. రెండు వందల అడుగుల నడక, ఆ తర్వాత ముప్పావుగంట మూడో అంతస్తు విజయదుర్గతో బెంచీ మీద ముచ్చట. ఇంటికొచ్చి 'కాళ్ళు గుంజుతున్నయ్' అంటుంది. గుంజేది దవడలు కావాలి.

మీ టీమ్ లీడర్ ధర్మేందర్ అందరూ ఒకే రకం సెట్టింగులు పెట్టుకోవాలన్నాడని బాధపడి, ఏం చేయమంటావని అడిగావు. ఆఫీసు ప్రోగ్రాములో ఎక్కడ ఎంత ఖాళీ వదలాలి, పేర్లు ఎట్లా పెట్టాలి అన్నది వాళ్ళ ఇష్టం, అది పాటించు. నీ వేళ్ళు ఏ బటన్ మీద పడాలన్నది మాత్రం అతనికెందుకు? మీ అమ్మ కత్తిపీట మీద నేను బెండకాయలు కోస్తే ముక్కలు ఒక సైజులో రావు. అట్లాగని నేను వంటరాని దాన్ని అయిపోతానా? మర్యాదగా ఈ మాట చెప్పు. మర్యాదగా చెప్పడం రాకపోతే నా నంబరు ఇవ్వు.

ఇక మూడోది. దానికి జవాబు రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది.

నువ్వు రాసిన మాట ఎదురుగానే పెట్టుకున్నాను. "అమ్మమ్మా, నీ సెట్టింగుల ఫైల్ మొత్తం చూసిన. నేను పెట్టిన షార్ట్‌కట్లు ఒక్కొక్కటి పీకేసినవ్. ఎండకాలం సెలవులన్నీ కూసొని చేసిన గద. నచ్చకపోతే నచ్చలేదని చెప్పొచ్చు గద, గింత సప్పుడు గాకుండ తీసేసుడెందుకు?"

చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. కళ్ళజోడే.

ముందు నీ శ్రమ నాకు గుర్తుందని చెప్పనివ్వు. రిటైరై, ట్యూషన్ గంట తప్ప చెప్పడానికి క్లాసు లేక, టీవీలో వార్తలు చదివేవాళ్ళ తప్పులు దిద్దుతూ కూర్చున్న నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పింది నువ్వు. నా ట్యూషన్ పిల్లల్లో ప్రతివారికీ వేరే వేరే అంకెలతో లెక్కల పేపరు తయారుచేసే ప్రోగ్రాము మనిద్దరం కలిసి రాశాం. పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూసిన మెడలన్నీ ఆ రోజుతో నిటారుగా అయ్యాయి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో నాకు దొరకని సుఖం అది. ఆ ప్రోగ్రాము రాసుకునే ఎడిటర్‌ని నువ్వు నాకోసం మలిచావు. అక్షరాలు రేగుపండ్లంత. వెనక నలుపు తీసేసి కాగితం రంగు. బ్రాకెట్ ఎక్కడ తెరిచానో అక్కడా, ఎక్కడ మూశానో అక్కడా ఒకే రంగు. రెండక్షరాల పొట్టిమాట కొడితే పూర్తి మాట దానంతటదే రావడం. తెరవగానే పైన, షుగర్ మాత్ర గుర్తుచేస్తూ నువ్వు రాసిపెట్టిన వరుస: 'అమ్మమ్మా, గోలీ ఏసుకున్నవా?'

ఒక్క షరతు కూడా పెట్టావు. సెట్టింగుల ఫైల్లో ఏది మార్చినా, ఎందుకు మార్చానో పక్కన ఒక ముక్క రాయాలి. మార్పూ, కారణమూ రెండూ నీకు అక్కడ కనిపిస్తాయి. నేను రాసిన కారణాలు నువ్వు చదివే ఉంటావు. 'పాతది బాగాలేదు.' 'అలవాటు కాలేదు.' 'నా ఇష్టం.'

అవన్నీ అబద్ధాలు, బిడ్డా.

పోయిన వేసవిలో కుడిచేతి నడిమి వేలి కొసన తిమ్మిరి మొదలైంది. ఆ వేలుతో కొట్టే బటన్ సరిగా పడటం లేదని, ఆ షార్ట్‌కట్‌ను ఎడమవైపు మార్చాను. పని సాఫీగా సాగింది. వర్షాకాలానికి చూపుడు వేలు కూడా అట్లాగే అయింది. దాని షార్ట్‌కట్లూ మార్చాను. ఆ తర్వాత బొటనవేలు. తెర మీద అక్షరాలు అచ్చేయమనే మాటకు నువ్వు పెట్టిన పొట్టిమాటలో కుడివైపు అక్షరం ఉందని దాన్ని తీసి, రెండూ ఎడమచేతి కింద ఉండేవి పెట్టాను. కొత్త ప్రోగ్రాము ముక్క మొదలుపెట్టడానికి డి, ఈ, ఎఫ్ కొట్టాలి కదా, ఆ మూడూ పుట్టుకతోనే ఎడమవైపు ఉన్నాయని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డానో! దవాఖానకు పోవలసిన మనిషి ప్రతిసారీ సెట్టింగుల ఫైలుకు పోయింది. వేలొకటి పోతే బటనొకటి మార్చింది. నేను చేసిన తప్పు ఇది. నువ్వు ఆ ఫైలును అంత బాగా వంగేటట్టు మలచకపోతే మూడో నెలలోనే అరిచి గోల చేసి ఉందును.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా తెలివి అయిపోయింది. నేను నేర్చుకున్న కీబోర్డులో గుణింతాలన్నీ ఎడమచేతి కింద, హల్లులు దాదాపు అన్నీ కుడిచేతి కింద ఉంటాయి. ఆ లెక్కన నా చేతికి మిగిలినవి ఆ, ఈ, ఊ. వాటితో ఉత్తరం రాయలేము, మూలగగలం అంతే. చివరికి ఒక బటన్ నొక్కితే కుడివైపు హల్లులు ఎడమవైపుకు వచ్చి కూర్చునేటట్టు నేనే మార్చుకున్నాను. రెండు వారాలు పట్టింది. ఈ ఉత్తరమంతా అట్లా ఒంటిచేత్తో రాసిందే. పెన్నులో ఇంకు నిండుగా ఉంది.

ఇంట్లో ఎవరికీ ఎట్లా తెలియలేదంటావా? అన్నం చెంచాతో తినడం మొదలుపెట్టాను. మీ అమ్మ సంతోషి మొదటి రోజే అడిగింది.

"ఏందమ్మా, చెంచతోటి తింటున్నవ్?"

"చేతులకు క్రిములుంటయ్యట, టీవీల చెప్పిండ్రు."

"డెబ్బై రెండేండ్లు తిన్నంక గిప్పుడు గుర్తొచ్చినయా క్రిములు?"

మీ నాన్న నగేశ్ సంగతి వేరు. మర్నాటి నుంచి నా కంచం పక్కన చెంచా ఆయనే పెడుతున్నాడు. అల్లుళ్ళలో మంచివాళ్ళకు మాటలు తక్కువ.

ఎందుకు దాచానంటే, ఆపరేషన్ భయంతో కాదు. మీ అమ్మ కంప్యూటర్‌ను అట్టపెట్టెలో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి 'ఇగ చాలమ్మా, రెస్ట్ తీస్కో' అంటుందని. ప్రేమగానే అంటుంది. ఈ వయసులో మనచేతి నుంచి అన్నీ ప్రేమగానే లాక్కుంటారు. స్కూలు పోయింది, బస్సెక్కడం పోయింది, ఊరగాయ పెట్టడం పోయింది. ఇది కూడా పోతే నేను వార్తలు చదివేవాళ్ళ తప్పుల దగ్గరికి తిరిగి పోవాలి.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. మంగళవారం ట్యూషన్‌లో వృత్తానికి స్పర్శరేఖ చెబుతున్నాను. నేను కాంపస్ లేకుండా బోర్డు మీద వృత్తం గీస్తే చూడటానికి పక్క సెక్షన్ టీచర్లు వచ్చి నిలబడేవాళ్ళు, నీకు చెప్పాను కదా, బహుశా చాలాసార్లు చెప్పాను. ఆ రోజు చాక్‌పీస్ మొదలైన చోటికి తిరిగి రాలేదు. భానుప్రియ అని ఒక గడుగ్గాయి ఉంది, ముందు వరుసలో కూర్చుంటుంది.

"టీచర్, గది వృత్తమా, కోడిగుడ్డా?"

"దీర్ఘవృత్తం. మీ సిలబస్‌ల లేదు. నోరు మూస్కొని రాస్కో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత పిల్లలు తలలు వంచి రాసుకుంటుంటే బోర్డు వైపు తిరిగి, గీత తప్పిన చోటును వేలితో కొలిచాను. నువ్వు పుణెలో కూర్చుని ఫైలు చదివి సగం పట్టుకున్నావు. ఎనిమిది నెలలుగా ఆ చెయ్యి మోస్తున్న నేను, ఒక పిల్ల కోడిగుడ్డు అంటే గాని ఒప్పుకోలేదు.

గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లో బాబా గుడికి పోయొస్తానని మీ అమ్మకు చెప్పి, ఆటో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో ఒక దవాఖానకు పోయాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, విజయవాడ వైపు మాట. నరాల పరీక్షట, చేతికి తీగలు తగిలించి చురుక్కు చురుక్కుమనిపించింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇలా?"

"రెండు నెలలు."

నా బొటనవేలి కింద కండ నొక్కి చూసి, "ఇది రెండు నెలల్లో ఇలా అవ్వదమ్మా," అంది. తప్పు జవాబు రాసిన పిల్లలను నేను చూసే చూపు అది. ఎదురుగా కూర్చుంటే ఇంత చెడ్డగా ఉంటుందని అనుకోలేదు. మణికట్టు దగ్గర నరం నలిగిపోతోందట, షుగర్ దానికి తోడట. చిన్న ఆపరేషనే, అదే రోజు ఇంటికి పంపిస్తారట. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కండ కరిగిపోయి, ఆ తర్వాత కోసినా పట్టు తిరిగి రాదట. ఇప్పుడైనా పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేనని చెప్పింది. నిజం చెప్పింది కాబట్టి నచ్చింది.

ఇంటికి రాగానే మీ అమ్మ ప్రసాదమేదీ అంటుందని దారిలో మిఠాయి దుకాణంలో లడ్డు కొన్నాను. ఆ పిచ్చిది కళ్ళకద్దుకుని, కళ్ళు మూసుకుని తింది. 'ఎంతైనా గుడి లడ్డు రుచే వేరు' అంది. రెండు రోజులు నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆపరేషన్ కాదు, ఆ మాట.

నిన్న భోజనం దగ్గర చెప్పేశాను. చెంచా కింద పెట్టి, మొదటి నుంచి చెప్పాను. తిమ్మిరి, ఫైలు, డాక్టరు, తారీఖు, అన్నీ. మీ అమ్మ అంతా విన్నది. "గయితే గా లడ్డు?" అంది.

"దుకాణంది."

"నేను కండ్లకద్దుకున్ననే అమ్మా!"

చేతి సంగతి దాచినందుకు ఒక్క మాట అనలేదు, లడ్డు గురించి పావుగంట తిట్టింది. తిడుతూనే నా కంచం తన ముందుకు జరుపుకుంది. పప్పూ అన్నమూ కలిపి ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది.

"ఉప్పు ఎక్కువైంది," అన్నాను.

"తిను," అంది.

తిన్నాను. కంప్యూటర్ అటకెక్కిస్తావా అని అడిగితే, "అది దీస్తే నా మీద పడ్తవ్, గిట్లనే ఉండనియ్," అంది. ఎనిమిది నెలలు దేనికి భయపడ్డానో చూడు.

ఆపరేషన్ వచ్చే బుధవారం కాదు, ఆపై బుధవారం. నీకు ఫోన్ చేయవద్దని మీ అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. అడిగింది నన్ను కాబట్టి జవాబు నేనే రాయాలి. జవాబు ఒక్కటే సరిపోతే చాలదు, ఎట్లా వచ్చిందో వరుసగా చూపించాలని జీవితమంతా పిల్లల మార్కులు కోసిన దాన్ని. నీ దగ్గర ఆ వరుసలన్నీ దాచాను. ఇప్పుడు చూపించాను, ఎన్ని మార్కులు వేస్తావో నీ ఇష్టం. లీవు దొరికితే రా, దొరక్కపోతే ధర్మేందర్‌తో కొట్లాడకు.

ఒక పని మాత్రం చెయ్యి. కట్టు విప్పేదాకా కుడిచెయ్యి కదపవద్దన్నారు. నేను పెట్టుకున్న ఎడమచేతి సెట్టింగులు నడుస్తున్నాయి గాని అతుకుల బొంత లాగున్నాయి. హల్లులు తెచ్చే బటన్ ఒక్కోసారి అతుక్కుపోయి, పక్క వాక్యం దాకా వదలదు. నా ఫైలు ముట్టవద్దని నీ మీద రెండుసార్లు ఎగిరాను, గుర్తుంది. ఇప్పుడు ముట్టు. సరిచెయ్యి. కుడిచేతి షార్ట్‌కట్లు, నువ్వు ఆ సెలవుల్లో పెట్టినవి, అన్నీ అట్లాగే పక్కన దాచిపెట్టు. వేళ్ళు తిరిగొస్తే నాకు అవే కావాలి.

నచ్చలేదా అని అడిగావు కదా. ఫైలు ఇంకోసారి తెరిచి చూడు. దాదాపు వంద మార్పులు చేశాను. మొదట్లో నువ్వు రాసిన గోలీ వరుసను మాత్రం ముట్టలేదు. రోజూ పొద్దున ఎడిటర్ తెరిచి, దానికి 'ఏసుకున్న బిడ్డా' అని పైకి చెప్పి గాని పని మొదలుపెట్టను. నువ్వు పోయినవి లెక్కపెట్టావు, ఉన్నది చూడలేదు.

కట్టు విప్పిన రోజు ఆ వరుస కింద ఇంకొకటి చేర్చు. చెయ్యి ఎట్లున్నదని అడుగు. ఎందుకు చేర్చావో పక్కన ఒక ముక్క రాయడం మర్చిపోకు, పద్ధతి పద్ధతే. ఈసారి నిజం చెబుతాను.

కింద పేరు మాత్రం కుడిచేత్తో, పెన్నుతో రాస్తున్నాను. గుండ్రంగా తిరగవలసిన చోట వంకరపోతే భయపడకు. దీర్ఘవృత్తం అనుకో.

ఇట్లు,
నీ సిలబస్‌లో లేని అమ్మమ్మ,
అండాలు