ప్రార్థన చేసి కొన్న కారు

కడప,
మంగళవారం.

మా అక్క మార్తమ్మకు చెల్లెలు సలోమి చేతులు జోడించి వందనాలు. దేవుని కృప వల్ల నేనూ మీ మరిది ఏసోబూ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు, బావ, పిల్లలు రూతు, దావీదు ఒళ్ళు బాగుండి సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? వాన పడిందా, విత్తనం వేశారా? ఇక్కడ ఇంకా చినుకు లేదు. రేకుల ఇంట్లో పగలంతా ఉడికిపోతున్నాం. జొన్నపిండి దొరుకుతుంది కానీ రొట్టె తట్టేలోపే విరిగిపోతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే రొట్టెలోకి నంజుకోను కాస్త గురెళ్ళ పొడి పంపించు. నా గురించి బెంగ పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాం.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఈ సంగతి చెప్పాలనే నాలుగుసార్లు ఫోన్ చేశాను. నాలుగుసార్లూ వానల గురించి అడిగి పెట్టేశాను, నోరు రాలేదు. చివరిదాకా చదువు, మధ్యలో చించేయొద్దు.

మీ మరిది ఎవరి కారు తోలేవాడో ఆ ఆసామి పోయిన నెల ఆ కారు అమ్మేసి ఈయన్ను పనిలోంచి తీసేశాడని చెప్పాను కదా. తర్వాత మా వీధిలో ఆరుగురు పిల్లల్ని బడికి దింపి తెచ్చే పని కుదిరింది. నిన్న సోమవారం బడి తెరిచేసరికి మాకు సొంత కారు ఉండాలన్నారు. లేకపోతే ఆ పని ఇంకొకరికి పోతుంది, మేము మళ్ళీ మూట కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోవాలి. గుడిసెలో పడుకుని, కళ్ళు మండుతూ కాయలు తెంపిన ఆ బతుకు నీకు తెలియంది కాదు.

మా చర్చిలో దానియేలు అని ఒకడున్నాడు. పాత కార్లు కొని అమ్ముతాడు. ఆదివారం ముందు వరసలో నిలబడి కళ్ళు మూసుకుని పాడతాడు. మన మనిషి కదా, మోసం చేయడులే అనుకుని శుక్రవారం వాడి దగ్గరికి పోయాం. రోడ్డు పక్కన ఎండలో పదిహేను కార్లు నిలబెట్టాడు. ప్రతి దాంట్లో మల్లెపూల సెంటు కొట్టాడు. ఆ సెంటు కింద పాత చెమట వాసన, ఎవరో కక్కుకున్న వాసన. తలుపు తీస్తే రెండూ కలిసి ముఖాన కొట్టాయి.

మాకు చూపించింది తెల్ల కారు. మీటరు ముప్పై వేల కిలోమీటర్లు చూపిస్తోంది. మీ మరిది లోపల కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టి నా వైపు చూశాడు. తొక్కీ తొక్కీ ఆ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయింది. ముప్పై వేలకు అంత అరగదని నా చెవిలో చెప్పాడు గానీ, వాడి ముందు నోరు విప్పడు. నేనే అడిగాను. మీటరు యంత్రం కదా సిస్టర్, అది చూపించిందే నేనూ చూస్తానన్నాడు. వాడి ముఖంలో సిగ్గు అనేది కనబడలేదు.

రెండు లక్షల అరవై అని మొదలుపెట్టాడు. నేను లక్షా డెబ్బై అన్నాను. నేను దుడ్లు అన్నప్పుడల్లా వాడికి నవ్వు. ఇక్కడ డబ్బులను లెక్క అంటారులే. రెండుసార్లు లేచి గేటు దాకా పోయాం, రెండుసార్లూ వెనక్కి పిలిచాడు. మధ్యాహ్నం దాటేసరికి రెండు ఇరవైకి దిగాడు. మా దగ్గర ఉన్నది సరిగ్గా అంతే.

ఇక సరేనని చేతిలో చేయి వేయాలి. అప్పుడు వాడు అన్నాడు. "లెక్క మాట తరవాత సిస్టర్. ముందు బండి మింద చేతులు పెట్టి ప్రార్థన చేసుకుందాం రాండి."

మనం ఎద్దును కొన్నా, గుడిసె వేసినా ప్రార్థన చేయకుండా ముట్టం కదా. కానీ బేరం ముగిశాక చేస్తాం. ఆ సంగతే మరిచిపోయాను. ఊరు కాని ఊళ్ళో మన పద్ధతి తెలిసిన మనిషి దొరికాడని నాకు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. బానెట్ కాలిపోతున్నా ముగ్గురం చేతులు పెట్టాం. ఈ బండిని నీ బిడ్డలకు ఇస్తున్నావు తండ్రీ అని మా పేర్లు పెట్టి గొంతెత్తి ప్రార్థించాడు. ఆమెన్ అన్నాం. వాడు కళ్ళు తెరిచి, రుమాలుతో చేయి తుడుచుకుని, రెండు నలభై అన్నాడు.

రెండు ఇరవై అన్నావు కదన్నా అని నేనంటే, "అది మాటల్లో వచ్చిండాది సిస్టర్. ఇప్పుడు దేవునికి చెప్పేసినాం. ఇరవై వేలకు చూసుకుని దేవునికిచ్చిన మాట ఇడిసిపెట్టి పోతారా?" అన్నాడు.

మేము పోలేమని వాడికి తెలుసు. తెలిసే చేశాడు. ఛీ, దేవుణ్ణి దళారీ పనికి పెట్టుకున్నాడు వాడు. నాకు ఒళ్ళంతా మండింది. ఆ మంటలో నేనేం చేశానో చెప్తాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇట్లా అన్నాను.

"మా అక్క సచ్చిపోయి మూడు నెలలయిందన్నా. ఊర్లో ఉన్న ఇద్దరు పిల్లోల్ల బరువు నా మింద పడింది. ఆ ఇరవై వేలు వాళ్ళ సదువుకు పెట్టుకున్న దుడ్లు."

ఏడుపు కూడా వచ్చింది అక్కా. పిలవకుండానే వచ్చింది. మీ మరిది నా వైపు చూసి తల దించుకున్నాడు. దానియేలు దగ్గరికి వచ్చి పిల్లల పేర్లు, ఏండ్లు అడిగాడు. రూతుకు పదకొండు, దావీదుకు ఎనిమిది అని చెప్పాను. ఆ పూట నా నోట్లోంచి వచ్చిన నిజం అదొక్కటే. ఇంకొక్క మాట లేకుండా రెండు ఇరవైకే తాళం ఇచ్చాడు. ఇంటికొచ్చేటప్పుడు నేనే గెలిచాననుకున్నాను.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవుల చీటీ తీశారు. జబ్బుపడినవాళ్ళ పేర్లు చదివాక, అక్కను పోగొట్టుకున్న సలోమి సిస్టర్ కోసం, తల్లిలేని రూతు, దావీదుల కోసం అని చదివారు. అందరూ లేచారు. నేనూ లేచాను. పక్కనున్న ముసలామె నా చేయి పట్టుకుంది. నీ పిల్లలు తల్లిలేని పిల్లలని అంతమంది దేవునికి చెప్తుంటే కాదనలేదు. ఆమెన్ అన్నాను. ముందు వరసలో దానియేలు భుజాలు కదులుతున్నాయి, వాడు నిజంగానే ఏడుస్తున్నాడు. శుక్రవారం వాడి మీద పుట్టిన రోత అంతా అక్కడ నా మీదికి తిరిగింది.

నిన్న సాయంత్రం చర్చి ఆడవాళ్ళు తలా ఇంత వేసుకుని కొన్న బట్టలు తెచ్చిచ్చారు. రూతుకు పరికిణీ, దావీదుకు రెండు చొక్కాలు. ఏండ్లు సరిగ్గా చెప్పాను కదా, కొలత సరిపోతుంది. ఆ సంచి మంచం కింద పెట్టాను. ముట్టాలంటే చేతులు రావడం లేదు. మీ మరిది పిల్లల్ని బడికి దింపి వస్తున్నాడు, పని బాగానే ఉంది. నాతో మాత్రం అవసరానికి మించి మాట్లాడడం లేదు.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. నువ్వు బడి మానేసి నన్ను సాకావు. అట్లాంటి నిన్ను ఇరవై వేలకు చంపాను. ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు, మాట్లాడడం మాత్రం మానేయొద్దు.

ఒక్కటి అడుగుతాను. వచ్చే ఆదివారానికి పిల్లల్ని తీసుకుని రా. అబద్ధం చెప్పానని చర్చిలో లేచి ఒప్పుకోవాలని పొద్దున్నే అనుకుంటాను, పొయ్యి ముట్టించేసరికి ధైర్యం పోతుంది. నువ్వు వచ్చి నా పక్కన కూర్చో. ఈమె ఎవరని వాళ్ళే అడుగుతారు. అప్పుడు దానియేలు ఇరవై వేలు కక్కమన్నా, కారే లాక్కున్నా సరే. ఆదోనిలో రైలెక్కితే నేరుగా కడపలో దిగొచ్చు. స్టేషనుకు నేను వస్తాను, నడిచే వస్తాను.

బావకు, మీ అత్తమ్మకు నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. ఇది చదివాక కూడా నన్ను దీవించాలనిపిస్తే దీవించు.

ఇట్లు,
నువ్వు సాకిన చెల్లెలు,
సలోమి.

ఎవరని అడిగినప్పుడు మా అక్క అని నేనే చెప్తాను. నువ్వు చెప్పొద్దు.