త కాదు, ద

కోవిల్‌పట్టి,
ఆదివారం

నా బంగారు తల్లి సుధాలక్ష్మికి, నీ నాయన రంగసామి వెయ్యి ముద్దులు పెట్టి రాసేది.

తెలుగు అక్షరాలు చూసి బెదరకు పాపా, రాసింది నేనే. హైదరాబాదులో సినిమా చదువు చదివేటప్పుడు నువ్వు కొన్న అక్షరాల పుస్తకం ముందు పెట్టుకొని రెండు నెలలు దిద్దినాను. పుట్టినప్పటినుంచి మాట్లాడే బాస, అరవై ఎనిమిదో ఏట చేతికి వచ్చింది! ఏంటికి నేర్చినానో కడాన చెప్తాను.

విరుదునగర్‌లో నీ సినిమా వేసిన రోజు నా కాళ్ళు నేలమీద లేవు. సాత్తూరు దాటేదాకా బస్సులో అందరికీ చెప్పినాను, మస్కట్‌లో నేను పడిన పాట్లే మా పాప సినిమా తీసింది అని. "సాలయ్యా, కండక్టరు కూడా దిగిపోతాడు" అని మీ అమ్మ మోచేత్తో పొడిచె. తెరమీద ఆ బోడికొండలు, ఆ మంచాల వరసలు, ఊరు కాని ఊర్లో నోరు కట్టుకొని తిరిగే మనిషి, అంతా నేనే. అంగట్లో అగ్గిపెట్టె తిప్పి చూసి, కోవిల్‌పట్టి అని ఉంటే చెంపకు ఆనించుకొంటాడే, అక్కడ బోరున ఏడ్చినాను.

ఆ ఎనకనే గుండెలో గునపం దించితివి. ఆ మనిషి శుక్రవారం శుక్రవారం నీళ్ళ ట్యాంకు ఎనక కూర్చొని తాగుతాడు. సీసా ఎత్తి గటగటా! బయటికి వస్తే మునియసామి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నాతో పనిచేసినోడు, "ఏం మామా, కల్లు వాసనకే ముక్కు మూసేవాడివి, మస్కట్‌లో పీపాలే దించితివా?" అనె. మీ అమ్మ ఉలిక్కిపడను కూడా లేదు. అడిగితే, "నువ్వు రాసిందే కదా" అని ట్రంకుపెట్టెలోంచి నా పాత జాబులు తీసె. నీకు ఇచ్చిందీ అవేనంట.

మనం మాట్లాడేది తెలుగు, రాసేది తమిళ అక్షరాల్లో. ఆ అక్షరాల్లో త, ద రెండూ ఒకటే. నేను రాసింది "ట్యాంకు ఎనక దాగితిని" అని. మీరిద్దరూ "తాగితిని" అని చదివినారు.

ఎందుకు దాగితినో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం సెలవు. తమిళోళ్ళు కూడి వండుకొనే చోటికి పోతే, "తెలుగోడా, మీవాళ్ళు ఆ పక్క ఉండారు పో" అనేవాళ్ళు. ఆంధ్రావాళ్ళ దగ్గర నోరు తెరిస్తే, "ఒరేయ్, అరవోడి తెలుగు వినండ్రా!" అని పడిపడి నవ్వేవాళ్ళు. ఏ పక్కా నాకు చోటు లేదు. పొద్దు వాలేదాకా ట్యాంకు ఎనక దాగి, "బువ్వ తింటివా రంగసామీ" అని నన్ను నేనే పలకరించుకొనేవాణ్ణి.

వాళ్ళు నవ్వితే ఓర్చుకొన్నాను. నువ్వు ఒక్క ఫోను చేసి అడిగింటే ఏమి తల్లీ? మీ అమ్మ ముప్పై ఏళ్ళు నన్ను తాగినోడనే అనుకొని కాపురం చేసెనే! ఒక్కసారన్నా అడగకూడదా? ఈ రెండు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఈ సంగతి ఆమెకు చెప్పను కూడా.

ఇది రాసేదానికే నేర్చినాను, చూడు: ద. ద. ద.

తనవాళ్ళ చేతిలోనే మోసపోయిన
నాయన, రంగసామి

—

కోవిల్‌పట్టి,
శుక్రవారం

నన్ను కన్న తల్లీ సుధా,

నా జాబు ఫోనులో మీ అమ్మకు చదివి వినిపించినావంట. అది ఇంకో మోసం, పో!

పొద్దున చూస్తే ఆమె దోసె తింటా ఉండాది. శుక్రవారం! నాకు తెలిసి ముప్పై ఏళ్ళుగా శుక్రవారం మాపటిదాకా మెతుకు ముట్టదు. మారియమ్మకు ఒక్కపొద్దు అనుకొంటి. రెండు నెలలకు నోరు తెరిచి, "ఏం తంగమ్మా, ఒక్కపొద్దు లేదా?" అంటిని.

"ఇంకెవరికోసమయ్యా? నువ్వు తాగుడు మానాలని మొక్కుకొంటి. తిరిగొచ్చి చుక్క ముట్టకపోతివి, మొక్కు ఫలించెనని విడవకపోతిని. మొదటినుంచీ తాగనే లేదంట! ఊరికే నా కడుపు మాడ్చితివి కదయ్యా, మోసగాడా!" అని ఇంకో దోసె వేసుకొనె.

ఎందుకు అడగలేదంటే, "అడిగితే తల దించుకొంటావు. అది నేను చూడలేను" అనె.

ముప్పై ఏళ్ళ శుక్రవారాలు పాపా! నేను ట్యాంకు ఎనక దాగింది రెండేళ్ళే. నవ్వాలో ఏడ్వాలో తెలియక రెండూ చేసినాను. సినిమాలో ఆ సీసా తీసెయ్యి. ట్యాంకు ఉండనీ.

వంటింట్లోంచి పిలుస్తా ఉండాది, "బువ్వ తింటివా?" అని. తిన్నాను. అయినా లేదని చెప్పినాను.

ఆనందం పట్టలేని
నీ నాయన, రంగసామి