ఆరని సిమెంటు మీద సాక్ష్యం

తార్నాక,
9 జనవరి 2025, గురువారం.

క్రీస్తునందు చెల్లెలు ప్రిస్కిల్లాకు,

ప్రభువు పేరిట వందనాలు. మరిది ప్రేమ్ కుమార్‌కీ, అమ్మాయి అలేఖ్యకీ మా ఇద్దరి ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను. ఆ క్షేమం ఏపాటిదో కింద చదివితే నీకే తెలుస్తుంది.

మా ఇంటి నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లో మీ క్వార్టర్‌కి ఆటో ఎక్కి సర్దుకు కూర్చునేలోపు దిగాల్సి వస్తుంది. అంత దగ్గరలో ఉండి ఉత్తరం రాస్తున్నానంటే దానికి కారణం నువ్వే. ఫోన్ చేస్తే తీయవు. మా బాత్రూం పైపులు వేసిన దయాకర్ మళ్ళీ ఎప్పుడొస్తాడు అని వాట్సాప్‌లో అడిగితే చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపిస్తావు, దాని వెనకే పూల మధ్యలో ఆనాటి వాక్యం. నిన్న వచ్చిన వాక్యం ఓర్పు గురించి. ఉద్యోగమంతా ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, పక్క తరగతిలో తెలుగు చెబుతూ చూసినదానివి, నాకు నువ్వు ఓర్పు నేర్పాలా ప్రిస్కిల్లా?

మా బాత్రూం సంగతి చెబుతాను విను. చన్నీళ్ళ కుళాయి తిప్పితే బకెట్టు అదిరిపోయేలా పడుతున్నాయి. వేడినీళ్ళ కుళాయి తిప్పితే దారపు పోగంత సన్నగా మొదలై, కాసేపటికి బొట్లుబొట్లుగా మారుతున్నాయి. బకెట్టు సగం నిండేలోపు అడుగున ఉన్నవి చల్లారిపోతున్నాయి. రెండు కుళాయిలూ కలిపి తిప్పితే వేడినీళ్ళు అసలే రావు. మీ బావగారి సంగతి తెలుసు కదా, ఆనందరావు గారికి ప్రతిదీ వేళాకోళమే. ఈ నీళ్ళతో స్నానం కాదుగానీ చిలకరింపు బాప్తిస్మం మాత్రం ఇవ్వొచ్చు అన్నారు మొదటిరోజు. ఇప్పుడు ఆయన కూడా నవ్వడం మానేశారు.

ఈ పనంతా పెట్టుకున్నది మా అత్తయ్య కోసమని నీకు తెలుసు. పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమ చెయ్యి బిగుసుకుపోయిందనీ, రోజూ ఆ భుజం మీద వేడినీళ్ళు ధారగా పడాలనీ ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినప్పుడు పక్కన ఉన్నది నువ్వే. వంటింట్లో నీళ్ళు కాచి మోసుకెళ్ళడానికి నా మోకాళ్ళు ఒప్పుకోక గీజరూ షవరూ పెట్టించాం. ఇప్పుడు షవరుంది, గీజరుంది, మళ్ళీ పొయ్యి మీద గిన్నె కూడా ఉంది. అత్తయ్య ప్లాస్టిక్ స్టూలు మీద వణుకుతూ కూర్చుని, నాకు చన్నీళ్ళయినా పరవాలేదమ్మాయ్, నీ మోకాళ్ళు చూసుకో అంటుంది. ఆ మాట వినలేకపోతున్నాను.

దయాకర్ నేను వెతికి పట్టుకున్న మనిషి కాదు. పై అంతస్తు కమలాకర్ గారు తనకు తెలిసిన ప్లంబర్‌ని పంపిస్తానన్నారు. నువ్వే అడ్డం పడ్డావు. మనవాడుండగా బయటివాళ్ళెందుకక్కా, మా చెల్లెలి అల్లుడు, మన క్వయర్‌లో డ్రమ్ ప్యాడ్స్ వాయించే పిల్లాడు, ప్రార్థన చేసుకోకుండా పైపు ముట్టుకోడు అన్నావు. ప్రార్థన చేసిన మాట నిజమే. కళ్ళు మూసుకుని చక్కగా చేశాడు. ఆ తర్వాత పని కూడా కళ్ళు మూసుకునే చేశాడని ఇప్పుడు తెలిసింది.

పని శనివారం సాయంత్రం అయింది. సిమెంటు ఇంక పచ్చిగనే ఉన్నది ఆంటీ, రేపు పొద్దుగూకే దాంక గీజర్ ఎయ్యకుండ్రి అని చెప్పి వెళ్ళాడు. మర్నాడు క్రిస్మస్ ముందటి ఆదివారం. మన సంఘం అలవాటు తెలిసిందే కదా. సీటొచ్చినవాళ్ళూ, జ్వరం తగ్గినవాళ్ళూ, ఫ్రిజ్ కొన్నవాళ్ళూ అందరూ లేచి దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెబుతారు. నువ్వు నా మోచేతి మీద పొడిచి, లేచి చెప్పక్కా, పిల్లాడికి ప్రోత్సాహంగా ఉంటుంది అన్నావు. లేచాను. ఒక్క చుక్క వేడినీళ్ళు కళ్ళ చూడకుండా మైకు పట్టుకున్నాను. పాత ఇనుప పైపులన్నీ పీకేసి కొత్తవి వేశాడు, మా అత్తయ్య కష్టం తీరింది, ఇంత నమ్మకస్తుడైన బిడ్డను దేవుడు ఇంకా వాడుకోవాలి అన్నాను. సంఘమంతా స్తోత్రం అంది. అందరికంటే గట్టిగా నువ్వన్నావు. ఇంటికొచ్చి ఆ సాయంత్రం కుళాయి తిప్పాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టయింది నా సాక్ష్యం.

వెంటనే నీకు ఫోన్ చేశాను. అయ్యో అన్నావు, వాడితో మాట్లాడతానన్నావు. వాడు ఒకసారి వచ్చాడు. పైపుల గాలి పట్టింది ఆంటీ, రెండు మూడు రోజులు వాడితే అదే సాఫ్ అయితది అన్నాడు. తర్వాత ఫోన్‌లో, ట్యాంకు ఎత్తు సరిపోతలేదు, నేనేం చెయ్యాలె అన్నాడు. ఆ పైన ప్రెజర్ పంపు పెట్టించుకోండ్రి అన్నాడు. ఇప్పుడు వాడు కూడా ఫోన్ తీయడం లేదు. ఒకే ట్యాంకు నుంచి చన్నీళ్ళు అంత జోరుగా వస్తుంటే వేడినీళ్ళకు మాత్రం ఎత్తు చాలలేదా అని నా క్లాసులో ఆఖరి బెంచీవాడైనా అడుగుతాడు.

చివరికి సిగ్గు విడిచి కమలాకర్ గారినే అడిగాను. వారాసిగూడ నుంచి పరుశురాం అనే ఆయన్ని పంపించారు. ఆయన వచ్చి, రంగు కలవని టైల్ ఒకటి ఊడదీసి నన్ను చూడమన్నాడు. పైకి కనబడే రెండు కొసల్లోనూ కొత్త ప్లాస్టిక్ పైపు ఉంది. గోడ లోపల మధ్య భాగమంతా పాత ఇనుప పైపే. బోరు నీళ్ళ సున్నం గడ్డకట్టి అందులో పెన్సిల్ దూరేంత సందు కూడా లేదు. గిది ఎవరు చేసిండ్రమ్మా అని ఆయన మామూలుగానే అడిగాడు. మన ఇంట్లో చేరి, మన బల్ల దగ్గర అన్నం తిని, అత్తయ్య చేత తల మీద చెయ్యి వేయించుకుని వెళ్ళిన వాడు గోడలో ఇది పెట్టి మూసేశాడు. నాకు నీళ్ళు రానందుకు కాదు ప్రిస్కిల్లా, అందుకు ఏడుపొచ్చింది.

అసలు భయం ఇది కూడా కాదు. నిన్న పాస్టరు గారు ఫోన్ చేశారు. సీతాఫల్‌మండిలో మన మందిరం తరఫున నడిచే ఆడపిల్లల హాస్టల్‌లో బాత్రూములన్నీ మార్పిస్తున్నారట. ఈ ఆదివారం ఆరాధన కాగానే ఆ పని దయాకర్‌కి అప్పగిస్తారట. ఎవాంజెలిన్ టీచర్ గారు నిలబడి సాక్ష్యం చెప్పాక ఇక వేరేవాళ్ళను చూడటమెందుకని కమిటీ వాళ్ళన్నారట. మొన్ననే ప్రిస్కిల్లా గారు కూడా మీ సాక్ష్యం మాట గుర్తుచేశారు అన్నారాయన సంతోషంగా. అక్కడుండేది ఎవరు? మన పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి నర్సింగు చదవడానికో, దుకాణాల్లో పనికో వచ్చిన పిల్లలు. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు చలికాలం చన్నీళ్ళు పోసుకుంటే ఆ పాపం నా మాటది. తప్పు లెక్కకు జాలిపడి కూడా మార్కు వెయ్యదని పిల్లలు నన్ను తిట్టుకునేవారు. ఆ పేరే నాకు మిగిలిన ఆస్తి. దాన్ని పెట్టుబడిగా పెట్టి వాడు పని తెచ్చుకుంటున్నాడు.

నీకు చెప్పకుండా పాస్టరు గారికి చెప్పడం నాకిష్టం లేదు. వాడు మీవాడు. మీ చెల్లెలి ఇంట్లో గొడవవుతుంది. అందుకే ముందు నీకు రాస్తున్నాను. శనివారంలోపు వాణ్ణి వెంటబెట్టుకుని రా. గోడ తెరిచే ఉంది, వాడి కళ్ళతో వాణ్ణే చూడనీ. హాస్టల్ పని కొన్నాళ్ళు ఆపమని కమిటీకి నువ్వే చెప్పు. నీ నోటితో చెబితే మర్యాదగా ముగుస్తుంది.

ఇదంతా నీకు తెలిసే జరిగిందని నేను అనుకోవడం లేదు. మొన్న మీ బావగారు ఆ మాట అనబోతే నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. నాకు ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి బెంచీ మీద పడుకున్నది నా తోడబుట్టినవాళ్ళు కాదు, నువ్వు. వాడు నిన్ను కూడా మోసం చేశాడు, మొహం చెల్లక నువ్వు ఫోన్ తీయడం లేదు, అంతే. నా దగ్గర నీకు సిగ్గేమిటి? వచ్చెయ్యి.

ఇట్లు,
నీ అక్క,
ఎవాంజెలిన్

తా.క. శుక్రవారం.

పోస్టులో వేస్తే ఆదివారంలోపు అందదని నిన్న సాయంత్రం ఈ ఉత్తరం పట్టుకుని మీ క్వార్టర్‌కి నేనే వచ్చాను. నువ్వు లేవు. అలేఖ్య లోపలికి పిలిచి టీ పెట్టింది. చేతులు కడుక్కుందామని బాత్రూంలోకి వెళ్ళాను. గోడకి గీజరుంది, కింద బకెట్లో నీళ్ళు కాచే రాడ్డు వేలాడుతోంది. గీజరుండగా ఇదెందుకే అని మాటవరసకి అడిగాను. పాపం, దానికి దాచడం రాదు. దసరా సెలవుల్లో దయాకర్ బావ పైపులు మార్చినప్పటి నుంచి గంతే ఆంటీ, వేడినీళ్ళు చుక్కచుక్క పడతయి అంది. బావకు పని రాదని డాడీ, క్వార్టర్ పాతది కాబట్టి ఇట్లయిందని మమ్మీ రోజూ కొట్లాడుకున్నరట. ఎవాంజెలిన్ అక్క ఇంట్లో చేయిస్తే ఏది నిజమో తెలిసిపోతుంది అని నువ్వన్నావట. మీ ఇంట్ల మంచిగనే వస్తున్నయి కదా ఆంటీ, మమ్మీ చెప్పింది అని కూడా అంది.

టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. పైన రాసిందంతా చింపేద్దామనుకున్నాను. నీకేమీ తెలియదని నమ్మిన మనిషి ఏం రాసిందో నువ్వు చదవాలని చింపలేదు. మీ బావగారి చేత పంపిస్తున్నాను.

మీ ఇంట్లో నీళ్ళు రావడం లేదని ఒక్కమాట నాతో అని ఉంటే, కమలాకర్ గారి మనిషిని ఇద్దరం కలిసి పిలిపించుకునేవాళ్ళం. అనలేదు. మీ అల్లుడికి పని వచ్చో రాదో తేల్చుకోవడానికి నా గోడ పగలగొట్టించావు, మా అత్తయ్య భుజాన్ని పరీక్షకు పెట్టావు. తేలింది కూడా. ఆ ఆదివారం సాయంత్రమే నా ఫోన్‌తో నీకు తెలిసిపోయింది. తెలిశాక వెళ్ళి పాస్టరు గారికి నా సాక్ష్యం గుర్తుచేశావు.

ఆదివారం నేను లేస్తాను. చూడకుండా చెప్పానని సంఘం ముందు ఒప్పుకుని, మా గోడలో ఏముందో చెబుతాను. నాకంటే ముందు నువ్వు లేచి మీ ఇంటి సంగతి చెబితే నేను నా ఇంటి వరకే చెప్పి కూర్చుంటాను. నువ్వు లేవకపోతే రెండిళ్ళ సంగతీ నేనే చెబుతాను.

అలేఖ్యని ఏమీ అనకు. మీ ఇంట్లో నాతో నిజం మాట్లాడింది అదొక్కతే.