తొందరపడి మోగిన గంట

నెరియో,

కవరు మీద మీ మామయ్య చేతిరాత చూసి చించి పారెయ్యకురా, చివరిదాకా చదువు.

మన ఊరివాడు రేసు గెలిస్తే చర్చి గంట కొట్టడం ఆనవాయితీ. ఇన్నేళ్ళుగా నువ్వు కార్లు తోలుతున్నా, నీకోసం ఆ తాడు లాగే అదృష్టం నాకు పట్టలేదు. మొన్న ఆదివారం ఇమోలాలో నీ ఆఖరి రేసు. "ఇప్పుడు నెరియో మొదటి స్థానంలో ఉన్నాడు" అని రేడియోలో అనగానే దాన్ని కట్టేసి గోపురం మెట్లెక్కాను. ముందున్న కార్లు పెట్రోలు కోసం ఆగాయి కాబట్టే నువ్వు ముందున్నావనీ, రేసు ఇంకా చాలా మిగిలుందనీ వినలేదు. గంట మోగాక ఊళ్ళో ఇంకెవరూ రేడియో దగ్గర కూర్చోలేదు.

సాయంత్రం నువ్వొచ్చేసరికి వీధి పొడవునా బల్లలు, వైన్ సీసాలు, బ్యాండు. "గెలిచొచ్చావా నా తండ్రీ!" అంటూ మీ అమ్మ నిన్ను వాటేసుకుంది. "లేదమ్మా, నాలుగోవాణ్ణి" అని అంతమంది ముందు నీ నోటితో నువ్వే చెప్పుకోవాల్సి వచ్చింది. నేను బ్యాండు వెనక దాక్కున్నాను. నువ్వు కారు తిప్పుకుని వెళ్ళిపోయావు.

మన చర్చి ఫాదర్ ఎవరిస్తో గారు నా దగ్గర గోపురం తాళంచెవి లాక్కున్నారు. "వయసొచ్చింది గానీ ఓపిక రాలేదయ్యా నీకు" అన్నారు. అన్నా పడతాను.

నిన్న మీ అమ్మ తను వండిన తోర్తెల్లీని గిన్నెలో పట్టుకుని మా ఇంటికొచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకుని తల వంచుకున్నాను.

"పోనీలే అన్నయ్యా. ఆ కాసేపూ నేను గెలిచినవాడి తల్లినే కదా" అంది.

దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది. ఆ తిట్లేవో నువ్వైనా ఇంటికొచ్చి తిట్టిపోరా.

మీ మామయ్య