మూడు రోజుల మైల

బ్రాడీపేట, గుంటూరు

అమ్మా,

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా" అని పెట్టేస్తున్నావు. అందుకే పత్తి అమ్మడానికి వచ్చిన అన్నయ్య చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

నాన్న పోయిన ఏడు కాబట్టి ఈ ధనుర్మాసం మన వాకిట్లో ముగ్గు లేదు, గొబ్బెమ్మలు లేవు, నీ పాటా లేదు. సరే, కాదనను. కానీ అప్పుడు పెద్దవాళ్లు నాకేం చెప్పారో గుర్తుందా? పెళ్లయిన ఆడపిల్లకి మూడు రోజులే మైల అన్నారు. మా నాన్నకి మూడు రోజులేనా అని పోట్లాడి, నీకు కూడా చెప్పకుండా వచ్చేశాను. ఆ కోపం ఇంకా పోలేదు.

ఇప్పుడు ఆ మాటే పట్టుకున్నాను. నాకు మైల లేదుగా, మా గుమ్మం ముందు గొబ్బెమ్మలు పెడుతున్నాం. పేడ చూసి ముక్కు మూసుకున్న నీ మనవరాలు తేజశ్రీ ఇప్పుడు నాకంటే గుండ్రంగా చేస్తోంది. చేనుగట్టు మీంచి గుమ్మడిపూలు తువ్వాలులో తెచ్చే నాన్న లేడు కదా, బంతిపూలే గుచ్చుతున్నాం. పాడదామంటే నాకు మొదటి చరణం దాటి రావడం లేదు.

ఏడాది తిరిగేదాకా నువ్వు గడప దాటకూడదని తెలుసు. దాటొద్దు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేస్తాను, మంచం మీద కూర్చునే పాడు. ఫోన్‌కి మైల అంటుతుందని ఏ పెద్దాయనా చెప్పలేదు. చెబితే నా దగ్గరికి పంపించు.

మధ్యలో పాట ఆగిపోతే ఆగనీ, ఫోన్ మాత్రం పెట్టెయ్యకు. నువ్వు మళ్లీ అందుకునేదాకా తేజశ్రీ "గొబ్బియళ్లో" అంటూనే ఉంటుంది.

నీ కూతురు