వాన వెనక చలి

1981 ఫిబ్రవరి, గురువారం

ఈ రోజు తొమ్మిదో తరగతికి సమశీతోష్ణ మండలపు తుఫానుల పాఠం చెప్పాను. వెచ్చని గాలి చల్లగాలి మీదికెక్కితే మబ్బులు పట్టి వాన కురుస్తుంది. ఆ వాన వెలిశాకే వెనకనుంచి అసలు చలి దూసుకొస్తుంది. బోర్డు మీద ఆ చలికి నీలం సుద్దతో బాణాలు కూడా గీశాను.

సాయంత్రం రేడియో వార్తల్లో ఢిల్లీలో వాన వెలిసిందన్నారు. పడమటి నుంచి అక్కడికొచ్చిందీ అలాంటి తుఫానే. తమ్ముడు మిర్చి లారీ తోలుకుని అటే పోయాడు.

"వాన తగ్గిందంట గదా బిడ్డా, ఇగ పిలగానికి ఫికర్ లేదు," అంది అమ్మ. నేను లేచి రేడియో కట్టేశాను. మిగతా పాఠం ఆమెకెలా చెప్పను?

"ఎండలు షురువైనయక్కా, గీ బరువెందుకు?" అని వాడు గొంగడి దండెం మీదే వదిలిపోయాడు. ఇప్పుడు అమ్మ దాన్నే కప్పుకుని హాయిగా నిద్రపోతోంది.